‘పైవాళ్ళు’ ఎవరని అడిగిన మా ప్రధాన రసాయనవేత్త

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది జూలై పదకొండు, సోమవారం ఉదయం, మా నీటిశుద్ధి కేంద్రపు ప్రయోగశాలలో సహాయ రసాయనవేత్తగా ఇరవై నాలుగేళ్ళ యువతి ఒకరు విధుల్లో చేరారు. ముప్పై ఆరు సంవత్సరాల అనంతరం ప్రధాన రసాయనవేత్తగా పదవీ విరమణ చేస్తున్న వారిని గూర్చి నాలుగు మాటలు రాసే భాగ్యం, ఆనాడు పంపుహౌసు ఆపరేటరునైన నాకు దక్కింది.

ఆ రోజుల్లో మా అందరి నోళ్ళలో నానే మాట ఒకటుండేది: ‘పైవాళ్ళు’. సెలవు ఇవ్వనిదీ పైవాళ్ళే, కుర్చీలు మార్పించనిదీ పైవాళ్ళే. పేరుకు బహువచనమే గాని, ఆ మాట వెనక్కి వెళ్ళి చూస్తే ఒక్క మనిషీ కనిపించేవాడు కాదు. అందుకే అది మాకంత ప్రీతిపాత్రమైంది.

మేడమ్ చేరిన మూడో ఏట విపరీతంగా వానలు కురిసి నది ఎర్రబారింది. ఒకనాటి ఉదయం ఆరింటికి, ఊరికి నీరు వదలడానికి నేను వాల్వు దగ్గర నిలబడి ఉండగా, చేతిలో గాజుసీసాతో వారు వచ్చారు.

“ఆపండి. వడపోత దాటినా మడ్డి పోలేదు, క్లోరిన్ నిలవట్లేదు.”

“పైవాళ్ళు వదిలెయ్యమన్నారు మేడమ్.”

“పైవాళ్ళంటే ఎవరండీ?”

ఇంజనీరుగారు చెప్పారన్నాను. వారు ఫోనెత్తి ఇంజనీరుగారిని అడిగితే, “నాదేముందమ్మా, పైనుంచి వచ్చింది” అన్నారు. ఆ పైవారూ అదే మాటన్నారు. చివరికి నిద్రమత్తు గొంతుతో ఫోనెత్తిన చీఫ్ ఇంజనీరుగారు, “నేను వదలమనలేదే! నీళ్ళు సిద్ధంగా ఉన్నాయా అని మాత్రం అడిగాను” అన్నారు. పైన ప్రశ్నగా బయలుదేరింది, మెట్టుమెట్టూ దిగి నా దగ్గరకు ఆజ్ఞగా చేరిందన్నమాట.

“మరిప్పుడు ఏం చేద్దామంటారు?” అని ఆయనే అడిగారు.

“ఆపేశాను సార్. ఆపింది నేనని రోజువారీ నమోదు పుస్తకంలో రాస్తున్నాను.”

అప్పటికి వారి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పది గంటలకల్లా గేటు ముందు ఖాళీ బిందెలతో జనం పోగయ్యారు. పైవాళ్ళ ఆదేశమని చెప్పి పంపేద్దామని నేను కదలబోతుంటే, నన్ను వారించి మేడమే బయటికి వెళ్ళారు.

“నీళ్ళు ఆపింది నేనే. ఇవి తాగితే పిల్లలు మంచాన పడతారు.”

ముందు నిలబడ్డ పెద్దావిడ వారిని ఎగాదిగా చూసి, “సరే, ఆపినదానివి నువ్వే కాబట్టి, ఎప్పుడిస్తావో కూడా నువ్వే చెప్పు తల్లీ” అంది.

“సాయంత్రం నాలుగింటికి.”

ఆ పగలంతా తిండీ నీళ్ళూ మాని, పటిక మోతాదు మార్చి మార్చి పరీక్షలు చేశారు. నాలుగుకు పది నిమిషాలుండగా నేను వాల్వు తిప్పాను. ఆ వానాకాలంలో మా నీటివల్ల ఒక్కరూ ఆసుపత్రి పాలు కాలేదని సగర్వంగా చెప్పగలను.

కాలక్రమేణా వారు విభాగాధిపతులయ్యారు. ఓసారి మా గుమాస్తా ఎవరికో ఫోనులో, “పైవాళ్ళు ఒప్పుకోరండీ” అంటుండగా విని, “పైవాళ్ళు కాదు, నేను ఒప్పుకోలేదు. నా పేరు చెప్పు నాయనా, తిట్టుకుంటే నన్నే తిట్టుకుంటారు” అన్నారు. ఇంట్లో ఇది చెల్లదని, అక్కడ పైవాళ్ళెవరో అందరికీ తెలుసునని, డ్రాయింగు మాస్టారైన వారి భర్తగారు నవ్వుతూ ఫిర్యాదు చేస్తుంటారు.

గత మాసం, నిరుడు చేరిన రసాయనవేత్త ఒకమ్మాయి, ఎవరినీ అడక్కుండా సరఫరా ఆపి, పుస్తకంలో తన పేరు రాసి సంతకం చేసింది. మేడమ్ ఆ పుట చదివి, పరీక్ష ఫలితాలు సరిచూసి, పుస్తకం ఆమెకే తిరిగి ఇచ్చారు. ఆ క్షణాన వారి ముఖంలో కనిపించిన తృప్తికి మించిన సన్మానం మేము చేయగలిగింది లేదు.

నిండు ఆరోగ్యంతో, మాస్టారి సాహచర్యంలో, కుమార్తె ముచ్చట్ల నడుమ వారు నూరేళ్ళు చల్లగా ఉండాలని కోరుకుంటున్నాం. ఈ కోరిక యాజమాన్యం తరఫున కాదు, సిబ్బంది పక్షానా కాదు. ఇది నేను కోరుతున్నాను, కింద సంతకం నాదే.