లోపలికి రాని గ్యాసు

హలో… ఎవరూ? … ఓహో, చుక్కల బావా! ఆ, నేనే, నీ వెల్డింగు బావమరిదినే. నా షెడ్డు మూయించినవాడికి నా నంబరు ఇంకా గుర్తుందన్నమాట!

… అక్క బాగుందా? … సరే, విషయం చెప్పు.

… నిజమే. మూసేస్తున్న మీ రేడియో టెలిస్కోపు గొడుగులు కోసే పని పాత ఇనుము కాంట్రాక్టరు నాకే ఇచ్చాడు. రేపు పొద్దున్నే మొదలు. … నవ్వొస్తోందా? నాకూ వచ్చింది. నా వెల్డింగు మెరుపులకి మీ గొడుగుల చెవుల్లో గురగురమంటోందని నువ్వేగా సంతకం పెట్టి నన్ను వెళ్లగొట్టించావు. ఇప్పుడు ఆ వెల్డింగు చేత్తోనే వాటిని కొయ్యాలట.

… వారం ఆగాలా? దేనికి?

… గుర్తుంది. మీ పెళ్లయిన కొత్తలో గెలాక్సీ అంటే ఇదేనని కంచం గిరగిరా తిప్పి చూపించావుగా. మధ్యలో నక్షత్రాలు, అవి దాటాక అంచున పల్చటి గ్యాసు. … అది లోపలికి జారుతోందా, ఊరికే చుట్టూ తిరుగుతోందా, అదేగా నీ గోల? … ఇన్నేళ్లకీ తేలలేదా!

… రాకపోతే ఏమవుతుంది? … ఓహో. మధ్యలో ఉన్నది మండీ మండీ అయిపోతుంది, ఇక కొత్త చుక్క పుట్టదు. … అర్థమైందిలే బావా. ఏడో తరగతితో ఆపేసినా, కట్టె పడకపోతే పొయ్యి ఆరిపోతుందని తెలుసు.

… ఏయ్, ఏడుస్తున్నావా? ఊరుకో. … ఇంకొక్క గెలాక్సీయేనా మిగిలింది? … సరే, సిలిండర్లు రాలేదని కాంట్రాక్టరుకి ఏదో ఒకటి చెప్తా. వారం. అక్క మొహం చూసి, నీ మొహం చూసి కాదు.

… ఈసారి తప్పకుండా తేలుతుందని అంత గట్టిగా ఎలా అంటున్నావు? … గురగుర పోయిందా? నా షెడ్డు మూసి మూడేళ్లయింది కదా, అప్పుడే పోలేదా?

… ఏ లైటు? … మీ గేటు దగ్గర ట్యూబ్‌లైటా? … దాని చోకా ఇన్నాళ్లూ గురగురమన్నది?

…

అంటే నాది కాదా, బావా?

… ఎప్పుడు తెలిసింది? … పోయినేడా! … అక్కకీ తెలుసా? … మొన్న మా ఇంట్లో అన్నం తిని వెళ్లింది. ఒక్క ముక్క అనలేదే.

… వద్దు. ఆ మాట ఇప్పుడొద్దు. … లేదు, వారమూ లేదు, గీరమూ లేదు. పొద్దున్నే వస్తున్నా. … ముందు ఏది కోస్తానా? నువ్వు వింటున్నదే.

… నీ జన్మంతా పోతుందా? మరి నాదో? షెడ్డు, పక్కన ఇనుము పేర్చుకునే జాగా, వెనక రేకుల గది. మా నాన్న వెల్డింగు చేసీ చేసీ కళ్లు పోగొట్టుకుని కొన్నది. … నీ గ్యాసు లోపలికి వస్తుందో రాదో నాకు తెలీదు. నాది మాత్రం పోయింది బావా, మీ కంచె లోపలికి.

నూట ఇరవయ్యారు గజాలు.

… పెట్టేస్తున్నా.