గోడ మొదట్లో పోసిన నూనె

ఒరేయ్ ఆగాగు, ఆ బండి ఆయిలు ఎక్కడ పోద్దామని? గోడ మొదట్లోనా? చెదలు పట్టవని ఎవరు చెప్పారు, ఫోన్లో చూశావా? మా బావగారికి ఫోను లేకుండానే తెలుసు ఆ సంగతి. డబ్బా అక్కడ పెట్టు, రేపు మెకానిక్ షెడ్డులో ఇస్తే తీసుకుంటాడు. ఇలా కూర్చో. మా బావగారంటే మీ తాతకి అన్నగారు, నువ్వు పుట్టకముందే పోయారులే. టాక్సీ నడిపేవారు. ఏదీ పారేసే రకం కాదు. బండిలోంచి తీసిన నల్లటి ఆయిలు కొంచెం తలుపు బందులకి, కొంచెం దూలాలకి పూసేవారు, మిగిలింది పెరటి గోడ మొదట్లో గాడి తీసి పోసేసేవారు. మా అక్క, అదే, మా తోటికోడలు, "ఇల్లంతా గ్యారేజీ కంపు" అని ముక్కు మూసుకునేది. "కంపైతేనేం, ఈ దూలాలు నాకంటే ఎక్కువకాలం ఉంటాయి చూడు" అనేవారు. ఉన్నాయి కూడా.

ఎక్కడున్నాను? ఆఁ, గోడ. గోడవతల కుట్టుమిషను ఆవిడ ఉండేది. ఒంటి మనిషి. వీధిలో సగంమంది బట్టలు ఆవిడ చేతిమీదే. ఆవిడ బావి సరిగ్గా ఆ గోడ పక్కనే. ఓ వానాకాలం ఆ మిషను కీచుకీచుమనడం మొదలెట్టింది. పొద్దస్తమానం అదే చప్పుడు. మా బావగారికి యంత్రం ఏడిస్తే మనసు ఊరుకోదు కదా. గోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మా చెల్లాయ్, దానికి రెండు చుక్కలు నూనె వెయ్యకూడదూ? అరిగిపోతుంది" అన్నారు. ఆవిడేమందో తెలుసా? "వెయ్యను అన్నయ్యా. నా చేతి నూనే బావిలో పడుతోంది. నీళ్ల మీద తెట్టు కడుతోంది. చేద మార్చాను, తాడు మార్చాను, చేతులు తోమి తోమి తోలూడింది, అయినా పోవట్లేదు" అంది. చేతులు చూపించింది కూడా. నేను పక్కనే బట్టలారేస్తున్నా. మా బావగారు గోడ మొదట్లో తను తీసిన గాడికేసే చూస్తున్నారు.

ఆ పూట అన్నం ముట్టలేదాయన. మా అక్కేమో, "ఎవరు చూడొచ్చారు, నోరు మూసుకుని ఊరుకోండి" అంది. "ఆవిడ తన చేతుల్ని తిట్టుకుంటోందే" అని లేచి వెళ్లి, అది తను గోడ మొదట్లో పోసిన ఆయిలేనని చెప్పేశారు. ఆవిడ తిట్టినా బాగుండేది. లోపలికెళ్లి తలుపేసుకుంది. కాసేపటికి మిషనుకి నూనె వేసుకున్నట్టుంది, ఆ కీచుమనడం ఆగిపోయింది.

గోడ మొదట్లో మట్టంతా తవ్వి తీయించారు, ఆవిడ బావి తోడించారు. ఏం లాభం, మళ్లీ వానొస్తే మళ్లీ తెట్టే. ఇక అప్పట్నుంచి రోజూ తెల్లారకముందే వీధి చివర కొళాయి దగ్గర నిలబడి, నీళ్లు పట్టి, ఆవిడ గుమ్మంలో పెట్టొచ్చేవారు. ఒళ్లు కాలిపోతున్నా సరే. మీ తాత నేను తెస్తాలే అంటే ఒప్పుకునేవారు కాదు. ఆవిడ నీళ్లు తీసుకునేది, ఖాళీ బిందెలు బయట పెట్టేది. మాట లేదు. ఇద్దరికీ జుట్టు నెరిసిపోయిందిరా, మాట లేదు.

చివరికి ఆయన మంచం పట్టారు. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ఎవరో దగ్గారు. చూస్తే ఆవిడ. చంకలో బిందె, చీరంతా తడి, ఒకటే ఆయాసం. తిన్నగా ఆయన మంచం దగ్గరికెళ్లి బిందె దించి, "అన్నయ్యా, నీళ్లు తెచ్చాను" అంది. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఇటు తిరిగారు. గ్లాసు ముంచి నేనే నోటి దగ్గర పెట్టాను. తాగలేకపోయారు. ఏడుస్తూ మింగడం ఎవరికి చేతనవుతుందిరా.

ఆ కిటికీ వెయ్యి నాన్నా. చలేస్తోంది.