కిటికీలో కనబడినంత మేర

ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తున్నారు. హైదరాబాద్ పాత ఫొటోల గ్రూపులో రెండేళ్లుగా పరిచయమున్న ఇద్దరు ఆడవాళ్లు మొదటిసారి అక్కడ ముఖాముఖి కలుసుకున్నారు. చిన్నామె ఫోన్ తీసింది.

“ఏమనుకోకండి అమ్మా. ఏ ఫొటో పెట్టినా చోటు ఇట్టే చెప్పేస్తారు కదా, మీరు ఏఐని అడిగి చెప్తారని గ్రూపులో అనుమానం. ఇది ఎక్కడో చెప్పండి.”

ఫొటోలో ఒక విరిగిన మెట్టు, నల్లరాతి గోడ అడుగు తప్ప ఏమీ లేవు.

“గిదా? గదిగో, రోడ్డుకవతల మందుల దుకాణం మెట్టు. నేను డ్యూటీల చేరిన నాటికే విరిగి ఉన్నది.”

చిన్నామె ఫోన్ దించింది. “ఏం డ్యూటీ అమ్మా?”

“బస్సు కండక్టర్ని బిడ్డా. నాంపల్లి, అబిడ్స్, గౌలిగూడ, ఇరవై ఆరేండ్లు గిదే రూటు. జనం నడుమ నిలబడి టికెట్లు కొడుతుంటే కిటికీలకెళ్లి మెట్లు, గోడల అడుగులే కనబడ్తయి. డ్యూటీ దిగినంక ఇంటికి ఉరుకుడే. ఊరంత నాకు మోకాలి దాకనే ఎర్క.”

“మరి ఆ దుకాణం పైన ఏముందో చెప్పండి?”

“పైన ఏముంటది? గోడనే.”

“ఒక్కసారి తలెత్తి చూడండి.”

పెద్దామె కళ్లజోడు సర్దుకుని తలెత్తింది. రెండో అంతస్తు పొడుగునా గచ్చుతో చేసిన నెమళ్లు పురి విప్పి బారులు తీరి ఉన్నాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“గివి ఎప్పుడు వెట్టిన్రు బిడ్డా?”

“వందేళ్లయిందట అమ్మా.”

చాలాసేపు ఆమె తల దించలేదు. ఆ తర్వాత చిన్నామె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“పా బిడ్డా, గౌలిగూడ దాక నడుద్దాం. నా రూటు నేనింకా చూడనే లేదు.”