ఆటో ఎక్కిన కబురు

తుపాను దాటి వారమైనా తెనాలిలో సెల్‌ఫోన్లు మోగడం లేదు. స్టేషను ముందు సరోజ టీ కొట్టు దగ్గర ఏసుబాబు, పున్నారావు, ఇంకా కొందరు ఆటోవాళ్లు గుమిగూడారు. వాళ్లకెదురుగా బెంచీ మీద బాపట్ల కాలేజీ లెక్చరరు హనుమంతరావు కూర్చున్నారు. మోకాళ్ల దాకా ప్యాంటు నిండా బురద. ఆయన దగ్గర ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్న కౌముది పక్కనే ఉంది. ఆమె ఒళ్లో సంచి, అందులో చిన్న చిన్న రేడియో పెట్టెలు.

వాటిని ఆటోల్లో పెట్టి, టవరు సాయం లేకుండానే కబురు ఒక ఆటో నుంచి ఇంకో ఆటోకి అందుతూ పోతుందని చూపించాలి. కంప్యూటరు మీద చూపించింది చాలదన్నారు కాలేజీలో. ఆటోలు కదలకపోతే ఆమె ప్రాజెక్టూ కదలదు. ఆటోవాళ్ల భయమల్లా బ్యాటరీ గురించే. పెట్టె దాన్ని తాగేస్తే ఆ పూట బేరాలు పోయినట్టే.

"మొన్నామధ్య మా గ్రౌండులో చూశాం," అని మొదలుపెట్టారు హనుమంతరావు. "ముగ్గురు పిల్లలు, తలా ఒక పెట్టె. మధ్యవాడు గోడ చాటుకి వెళ్లాడు. మామూలుగా అయితే కబురు అక్కడే చచ్చిపోవాలి. చావలేదు!"

అంతవరకూ నిజమే. కౌముది తలూపింది.

"ఎందుకు చావలేదో తెలుసా? పెట్టెలో రెండంతస్తులు ఉన్నాయనుకో ఏసుబాబూ. కింద ఉండేది రేడియోవాడు. మేడమీదవాడు దారి చెప్పేవాడు. ఇన్నాళ్లూ ఇద్దరికీ మాటల్లేవు. కింద నీళ్లొచ్చినా మేడమీదవాడికి తెలీదు, ఆ దారినే పొమ్మంటాడు. మేం మధ్యలో మెట్లు కట్టాం. సిగ్నలు తగ్గుతుండగానే కిందవాడు పైకెక్కి, 'అయ్యా, పక్కవాడు దూరమైపోతున్నాడు, ఇంకో దారి చూడండి' అంటాడు."

"మేం పాసింజర్లని మార్చినట్టన్నమాట," అన్నాడు పున్నారావు. "ఇంజను మొరాయిస్తుంటే, మనవాడి ఆటో పక్కన ఉండగానే అందులోకి ఎక్కించేస్తాం. పూర్తిగా ఆగిపోయాక చూస్తే రోడ్డు మీద ఎవడూ ఉండడు."

"అచ్చం అంతే బాబాయ్!" అంది కౌముది. ఇద్దరు డ్రైవర్లు సంచిలోకి తొంగి చూశారు. సార్ ఇక్కడితో ఆపేస్తే బాగుండుననుకుంది.

ఆయన ఆపలేదు. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? సూర్యలంక దాకా పిల్లల్ని సైకిళ్ల మీద తోలాం. ఎదురుగాలి! సైకిళ్లు పడ్డాయిగానీ కబురు పడలేదు. రేపల్లె దారిలో మనుషులు చాలక ఒక పెట్టె గేదె మెడకి కట్టాం. అది తిన్నగా వెళ్లి కాలవలో దిగింది."

"దిగక ఏం చేస్తుందండీ, గేదె," అంది సరోజ గ్లాసులు కడుగుతూ.

"దిగిందా? నీళ్లు మెడ దాకా రాగానే కిందవాడు పైవాడికి చెప్పాడు, పైవాడు చుట్టూ చూశాడు, పక్కన బాతుల మంద పోతోంది..."

"బాతులకీ కట్టారా సార్?"

"కట్టాం మరి! బాతు నుంచి బాతుకి, ఆఖరి బాతు నుంచి రేపల్లె పాసింజరు రైలుకి. గార్డు పచ్చజెండా ఊపేలోగా కబురు రేపల్లెలో దిగింది. తీరా చూస్తే అందుకోవాల్సిన మనిషి అక్కడ లేడు, నిజాంపట్నం నుంచి చేపల వేటకెళ్లాడట. కబురు ఊరుకుంటుందా? వాకబు చేసుకుని, పడవ పడవా మారి, నడిసముద్రంలో పట్టుకుంది. ఎంత వేగమనుకున్నావ్, నేనింకా బాపట్లలో మీట నొక్కనేలేదు, అట్నుంచి జవాబొచ్చేసింది!"

తొంగిచూసిన ఇద్దరూ నవ్వుకుంటూ వెనక్కి జరిగారు. కౌముది సంచి మూతి ముడిచింది. బాతులకి పెట్టెలు కట్టిన మనిషి బ్యాటరీ సంగతి నిజమే చెబుతాడని ఎవరు నమ్ముతారు?

ఏసుబాబు గ్లాసు కింద పెట్టాడు.

"నాదొక డౌటండి సార్. మీ కబురు నడిసముద్రం దాకా పోతుంది కదండీ. మరి మమ్మల్ని ఇక్కడికి రమ్మనడానికి పొద్దున్నుంచీ మీరు స్కూటరేసుకుని ఇంకా తీయని ఆ తుపాను నీళ్లలో మా ఇళ్ల చుట్టూ తిరిగారేంటండి? పున్నారావు కోసం వాళ్లింట్లో చాలాసేపు కూర్చున్నారంట. ఆయన అప్పటికే ఇక్కడ టీ తాగుతున్నాడు."

కొట్టు ముందంతా ఒక్కసారిగా గొల్లుమంది. హనుమంతరావు వంగి తన ప్యాంటు కేసి చూసుకున్నారు.

ఏసుబాబు కౌముది వైపు తిరిగాడు. "బ్యాటరీ సంగతి నువ్వు చెప్పమ్మా. ఎంత తాగుద్ది?"

"చిన్న బల్బంత తాగుతుంది బాబాయ్. అసలు తాగదని మాత్రం చెప్పలేను."

అతను చెయ్యి చాచాడు.

"ఒకటి ఇలా తే. ముందు నా బండికి కట్టు. వచ్చే తుపానుకైనా మీ సారు ప్యాంటు తడవకూడదు."