లక్డారం దాంకనేనా?

ముందల చక్రం ఏడవెట్టినవయ్యా? నిన్నే అడిగేది, గోడను గాదు. దర్వాజ కాడ సైకిల్ నిలవెట్టి డ్యూటీకి పోయిన. వచ్చి సూస్తె ఎనుక చక్రమొక్కటే ఉన్నది. ఊరంత మంచోళ్లే, దొంగ మాత్రం ఇంట్లనే ఉన్నడు!

ఏం, నాకేం ఎరుక అన్నట్టు మొకం పెడ్తున్నవ్? పెండ్లయినకాంచెల్లి ఈ ఇంట్ల బల్బు గూడ నేనే మార్చిన. గసుంటి నువ్వు ఇయ్యాల చక్రం ఊడదీసినవ్! శభాష్. వేళ్లకు నల్లమరక ఇంక పోనేలేదు. దాస్కో, లుంగీ కింద దాస్కో.

రేపు పొద్దుగాల వ్యాన్ వస్తది. అరుణ టీచర్ వాళ్ల సైకిళ్లతోని నాది గూడ ఎక్కియ్యాలె. అందరి సైకిళ్లకు రెండేసి చక్రాలు, నాదానికి ఒకటా? నవ్వకు. నాకైతే నవ్వొస్తలేదు.

ఎవలు చెప్పిన్రు నీకు? నర్సింగేనా? వాడు పటాన్‌చెరుల సైకిల్ దుకాణం పెట్టిండా, రేడియో పెట్టిండా? "అన్నా, వదిన మంచుకొండలకు పోతున్నదట గద" అన్నడా? అనంగనే నీ ఇజ్జత్ చౌరస్తల పడిపోయిందా? ఉరికొచ్చి చక్రం పీకినవా?

ఏందీ, నేను చెప్పలేదా? అగ్గో! జెర యాది జేస్కో. ఎల్లమ్మ పండుగ నాడు నీ దోస్తులందరు వరుసగ కూసొని తింటున్నరు. నేను కూర వడ్డించుకుంటనే చెప్పిన. "అరుణ టీచర్ తోని సైకిల్ మీద లడాక్ పోత" అన్న. నువ్వేమన్నవ్? "లక్డారమా? పో, ఎవలొద్దన్నరు? మీ అక్క ఇల్లే గద" అన్నవ్. దిల్‌దార్ లెక్క చెయ్యి గూడ ఊపినవ్. "మా అంజయ్య ఎంత మంచోడు" అన్నరు వాళ్లు. నువ్వు మీసం దువ్వుకున్నవ్.

లక్డారం పోనీకి గేర్ల సైకిల్ కొంటరా ఎవలన్న? నర్సింగ్ ముందుగాల అలకటిది సూపిచ్చిండు, ఒక్క చేత్తోని లేస్తది. వద్దన్న. బరువైనా ఇనుప చట్రందే పట్టుకున్న. రాళ్ల తొవ్వల ఇరిగితె ఏ ఊర్లనైన వెల్డింగ్ పెట్టిచ్చుకోవచ్చని టీచర్ చెప్పింది. లావు టైర్లు ఏపిచ్చిన. చెయిన్ తిరిగే పండ్లచక్రం ముందల చిన్నది, ఎనుక పెద్దది పెట్టిచ్చిన, ఎక్కుడుల మోకాళ్లు మొత్తుకోకుంట. బ్రేకులకు నూనెవి వద్దు, వైరువే ఉంచు అన్న. వైరు తెగితె నేనే మార్చుకుంట.

గిదంత నీ కండ్ల ముందలనే జరిగింది గద! నువ్వు ఫోన్ల మొకం పెట్టుకొని ఏమన్నవో యాదికుందా? "లక్డారం రోడ్డు గంత ఖరాబైందా?"

పొద్దుగాల లేశి, బియ్యం సంచి ఎనుక కట్టుకొని రింగురోడ్డు ఎక్కుడు ఎక్కిన, దిగిన, మల్ల ఎక్కిన. సామాన్ల బరువుతోని కాలు తిరుగుతదా లేదా సూసుకోవాలె గద. మన పక్కింటి మొగులమ్మ రోజు సూశి సూశి ఆఖరికి అడిగింది, "సుమిత్రా, మీకెన్ని రేషన్ కార్డులున్నయే?" అని. నవ్వాల్నా, ఏడ్వాల్నా? అయినా ఆమె నయం. సంచినన్న సూసింది. నువ్వు నన్నే సూడలె.

గాడ గాలి పల్చగుంటదా? దమ్మాడదా? ఇది గూడ నర్సింగే చెప్పిండా? అబ్బో, దమ్మట! మాపటికి గడ్డపోతారం ఫ్యాక్టరీల దిక్కుకెల్లి వాసన కొడ్తె కిటికీలు మూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వండలేదా ఇన్నేండ్లు? కంపెనీల మాస్కు కట్టుకొని దినమంత నిలవడి మాత్రలు ప్యాక్ చేస్తలేనా? ఈడ ఆడిన దమ్ము గాడెందుకాడదు? దావఖానకు పోయి గుండె సూపిచ్చుకున్న. ఖరాబేం లేదన్నడు డాక్టర్. మెల్లగ ఎక్కాలె, మధ్యల ఆగాలె, నెత్తి తిరిగితె సప్పుడు జేయక కిందికి దిగాలె. దిగుత. నేనేం సావనీకి పోతలేను.

ఈ వయసులనా? ఓహో! నువ్వు దోస్తులతోని గోవా పోయినప్పుడు నీ వయసును ఇంట్ల ఇడిశిపెట్టి పోయినవా? నేనైతే దాన్ని యాడ సూడలేదయ్యా. నలుగురు నవ్వుతరంటవ్. నవ్వనీ. నవ్వితె వాళ్ల పండ్లే కనవడ్తయ్, నాకేం పోతది?

బుగులైతలేదా అంటె అయితది. ఎందుకు గాదు? నిన్న రాత్రి నిద్రనే పట్టలె. గని బుగులైతే నా తిప్పలు నేను పడ్త. నువ్వెందుకు చక్రం దాస్తవ్?

నాకు కడుపుల ఎందుకు మండుతున్నదో చెప్పాల్నా? లక్డారం అని ఇన్నవ్ గాబట్టి పో అన్నవ్. ఇన్నేండ్ల సంసారంల నువ్వు నాకు ఇచ్చిన దునియా గంతనే. మా అక్క ఇల్లు దాంక. అది దాటితె నా సైకిల్ చక్రం మాయమైతది.

ఇగ ఒక్క మాట చెప్త, కోపమొస్తె రానీ. ఆనాడు నువ్వు తప్పు ఇన్నవని నాకు అప్పుడే ఎరుక. "లక్డారం గాదయ్యా, లడాక్" అని మల్ల అన్న. "అదే అదే, పో" అన్నవ్ బుక్క నమలుకుంట. ఇగ నేను దిద్దలె. ఎందుకు దిద్దుత? నీ నోట్లకెల్లి నా కోసం పో అన్న మాట ఎన్నడన్న వచ్చిందా? గంత మందిల వచ్చినదాన్ని నా చేతులార వాపస్ ఇస్తనా? ఇయ్య. ఇప్పుడు గూడ ఇయ్య.

చక్రం దాసుకున్న కాడనే ఉంచుకో. మాపటికి డ్యూటీ నుంచి వస్తా వస్తా నర్సింగ్ తాన ఇంకోటి తెచ్చిన. అవతల పందిరి కింద ఉన్నది. ఫోన్ చేశి వాడే చెప్పిండు, అన్న కోపంల ఉన్నడు వదినా, చక్రం ఊడదీస్త అనుకుంట ఉరికిండు అని.

మరి గింతసేపు నిన్నెందుకు అడిగిన అంటవా?

నీ అంతట నువ్వే లేశి తెచ్చిస్తవేమోనని సూసిన. సరిగ్గ ఇని, ఏ ఊరో తెలిశి, పో అంటవేమోనని సూసిన.

అనవు. మంచిది. అన్నం గిన్నెల ఉన్నది, పెట్టుకొని తిను. నాకు చక్రం బిగిచ్చుకునే పనుంది.