ఏ కోపమని రాయాలి

మలేసియాలోని సుంగై పెటానిలో రబ్బరు గ్లౌజుల ఫ్యాక్టరీకి ఇవతల వీధి. ఆదివారం పొద్దున. ఫ్యాక్టరీ తయారీ లైను మీద ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్న పైడిరాజు ముందు చల్లారిన టీ, అదే ఫ్యాక్టరీ ఆఫీసులో ఆరు నెలల క్రితం గుమాస్తాగా చేరిన కూతురు యోగేశ్వరి ముందు లాప్‌టాప్. పైడిరాజుకు వచ్చిన షోకాజ్ నోటీసుకు జవాబు రేపు తొమ్మిదికల్లా ఇవ్వాలి.

"పోనీ, ‘అనాయిడ్’ అని రాస్తే?"

"అంటే ఏటి?"

"దోమ కుట్టినట్టు నాన్నా. సిరాకు. అంతే."

"ఒక మనిషి సెయ్యి మిషను గొలుసులో పడి నలుగుతుంటే, నాకు దోమ కుట్టినట్టుందా?"

"సరేలే, తీసేసినాను. ‘అప్‌సెట్’ బాగుంటాది. మెత్తగా ఉంటాది. మనసు పాడైనాది అని. విన్నోళ్ళకి జాలి పుడతాది."

"ఎవుల మీద?"

"నీ మీద."

"నా మీదెందుకు? సెయ్యి పోయింది సెల్లప్పన్‌ది."

"సెయ్యి కాదు నాన్నా. మూడు వేళ్ళు."

"ఓహో. ఆఫీసులో అలా లెక్కేసినారా."

"నేనలా అన్నానా? ప్రతి మాటనీ ఇలా పట్టుకుంటే రేపటికి అవదు. నీ ఉద్యోగం ఉండాల వద్దా? ఆళ్ళు అడిగినవి రెండే. పర్మిషన్ నేకుండా లైను ఎందుకు ఆపినావు. సూపర్‌వైజరు తంగరాజు వాకీటాకీ లాక్కుని రబ్బరుపాల తొట్టిలో ఎందుకు పారేసినావు."

"ఆడు ఆపనన్నాడు గనక. సెల్లప్పన్ అరుస్తన్నాడు, ఈడు వాకీటాకీలో మేనేజరుని అడుగుతున్నాడు. ఇప్పుడే ఆపాలా, ఈ బ్యాచి దిగినాక ఆపాలా అని."

"అది రాయొద్దు."

"అదే జరిగినాది."

"జరిగినాది వేరు, జవాబు వేరు. నీకు కోపం వచ్చినాది, అది ఎంత కోపమో సూసి రాయాల. ‘యాంగ్రీ’ అని రాస్తే తప్పు ఒప్పేసుకున్నట్టు. ‘ఫ్యూరియస్’ అని రాసినావంటే సెక్యూరిటీవోడు గేటు కాడే ఆపేస్తాడు."

"అదేం కోపం?"

"ఒళ్ళు తెలీని కోపం. ఈ మనిషి రేపేటి సేస్తాడో అని భయపడతారు."

"నాకు ఒళ్ళు తెలుసు. ముందు ఎర్రబొత్తాం నొక్కినాను. లైను ఆగినాది. సెల్లప్పన్ని బయటికి లాగినాను. ఆ తరవాతే ఆడి వాకీటాకీ తీసి పడేసినాను. వరస తప్పలేదు."

"ఆ వరస అసలే రాయొద్దు."

"మరేటి రాస్తావు?"

"‘ఫ్రస్ట్రేటెడ్’. ఆఫీసులో అందరూ రాసేది అదే. అనుకున్న పని అవకపోతే వస్తాది సూడు, అది. మేనేజరుకీ వస్తాది, ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే."

"ప్రింటరులో కాగితం."

"నాన్నా, ఆ మాటలో ఎవుల తప్పూ ఉండదు. ఎవుల మీదా ఉండదు. అందుకే ఆళ్ళకి ఇష్టం."

"ఎవుల మీదా నేకపోతే కోపమేటి పాపా? నాకు తంగరాజు మీద. ఆడి ఎనకాల ఆ మేనేజరు మీద."

"అలా అంటే ‘రిజెంట్‌మెంట్’ అనేస్తారు. పాతది. లోపల పెట్టుకుని ఏళ్ళ తరబడి మోసేది."

"మీ అమ్మకి నా మీద ఉండేదే అది."

"ఇప్పుడు నవ్వించకు."

"నువ్వు నవ్వలేదు గదా. పొద్దుటి నుంచి నా మొహం కూడా సూడలేదు."

"టైపు సేస్తున్నాను."

"ఒకటి సెప్పు. కోపానికి ఇన్ని మాటలు పెట్టుకున్నారు గదా ఆ బాసలో. కళ్ళ ముందు అన్యాయం జరుగుతుంటే, మనకి కాదు, పక్కోడికి జరుగుతుంటే, సూడలేక వచ్చేదొకటి ఉంటాది. దానికి మాట పెట్టుకోలేదా ఆళ్ళు?"

"టీ ఏడి సెయ్యనా?"

"వద్దు. నేదా మాట?"

"ఉంది."

"ఏటది?"

"‘ఇండిగ్నెంట్’."

"మళ్ళీ అను."

"ఇండిగ్నెంట్."

"అది రాయి."

"కుదరదు నాన్నా."

"అదే వచ్చినాది నాకు. ఇంకోటి రాలేదు."

"వచ్చుంటాది. కానీ ఆ మాట రాస్తే కంపెనీ అన్యాయం సేసిందని రాసినట్టే. ఎంక్వైరీ పెడతారు. రుజువు సూపించమంటారు."

"సూపిద్దాం. మనిషే ఉన్నాడు గదా. సెల్లప్పన్ వచ్చి సెప్తాడు, ఎన్నిసార్లు ఆపమని అరిచినాడో, తంగరాజు ఏటన్నాడో."

"సెప్పడు."

"నీకేటి తెలుసు? రబ్బరు ఎస్టేటులో గోడకి అటు ఆడు, ఇటు నేను పెరిగినాం. నా కోసం సెప్పడా?"

"సెప్పలేడు నాన్నా. సెల్లప్పన్ మామ స్టేట్‌మెంటు ఇచ్చేసినాడు. శుక్రవారం, ఆస్పత్రిలో."

"ఏటని?"

"తనే తొందరపడి సెయ్యి పెట్టినానని. తంగరాజు లైను ఎంటనే ఆపమన్నాడని. నువ్వే మాట ఇనకుండా మీద మీద పడినావని."

"ఇంగ్లీషులోనా?"

"ఇంగ్లీషులోనే."

"ఆడికి ఇంగ్లీషులో తన పేరు కూడా సదవడం రాదు."

"ఆఫీసులో టైపు సేసి తీసుకెళ్ళినారు."

"అయితే మోసం సేసినారు. తెలీని కాగితం మీద ఆడు సంతకం పెట్టడు పాపా. ఎస్టేటు మూసేసినప్పుడు మేమందరం క్యూ కట్టి సంతకాలు పెట్టినాం, ఆడొక్కడూ పెట్టలేదు. మేనేజరొచ్చి సదివినా నమ్మడు. ఎవులు సదివినారు ఆడికి?"

"ఈ నెలాఖరుకి నన్ను పర్మనెంటు సేస్తామన్నారు నాన్నా."

"నేనడిగింది అది కాదు. ఆ కాగితం ఆడికి ఎవులు సదివి ఇనిపించినారు?"

"ఎవులూ సదవలేదు. నన్ను సూసి, ‘నువ్వు తెచ్చినావంటే మీ నాన్న సూసినట్టే గదమ్మా’ అన్నాడు మామ. అని, ఎడం సేత్తో పెట్టేసినాడు."