రొయ్యల గుంట మీద మమ్మీ

తెల్లవారేసరికి తోటపల్లి గూడూరులోని ఆ గుంట నిండా చచ్చిన రొయ్యలే. కాపలా కాసే పోలేరయ్యను యజమాని గట్టు మీద నిలబెట్టి అందరి ముందూ తిడుతున్నాడు. షెడ్డు వెనక యజమాని భార్య తన తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

“మీ బావ పంచెలు పేలికలు చేసింది నువ్వే గదా?”

“మెల్లిగా అక్కా. పాత ఇంగ్లీషు సినిమాల్లో గుడ్డ కట్లు చుట్టిన శవం లేచొస్తది చూడు, ఆ మమ్మీ మాదిరి ఒళ్లంతా చుట్టుకున్నా. పోలేరయ్యను ఊరికే బెదిరిద్దామని.”

“ఆ నలుపు తెలుపు సినిమాల్లో ఏముందిరా అంత?”

“కట్ల మధ్యన ఒక్క కన్ను తెరుచుకుంటే చాలక్కా, ఒళ్లు జలదరిస్తది. కాకపోతే మమ్మీ కాలీడ్చుకుంటా నడుస్తది, పరిగెత్తే వాళ్లేమో దానికే దొరికిపోతారు. అదొక్కటే నమ్మబుద్ధి కాదు.”

“పోలేరయ్య దొరికినాడా?”

“యాడ దొరుకుతాడు? ఒక్క పరుగున సముద్రం దాకా పోయినాడు.”

“నవ్వబాక. ఆ తర్వాతే కరెంటు పోయింది. జనరేటర్ వేసే మనిషి లేక, నీళ్లలో గాలి ఆడించే చక్రాలు ఆగిపోయినాయి. అప్పుడు నువ్వేం చేస్తా ఉండావు?”

“ఇంటికొచ్చి పడుకున్నా.”

“దయ్యాన్ని చూసినానని పోలేరయ్య మొత్తుకుంటా ఉంటే, తాగి పడిపోయినావని మీ బావ పనిలోంచి తీసేస్తా ఉండాడు. పోయి చెప్పు.”

“ఏ మొహం పెట్టుకొని చెప్పేదక్కా? నీ పుట్టింటి పరువు కూడా పోతుంది.”

“అది రాత్రే పోయింది.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని గట్టెక్కింది.

“ఏమయ్యా, పోలేరయ్యను వదిలిపెట్టు. ఆయన తాగలేదు. రాత్రి వచ్చిన దయ్యం మా తమ్ముడు వినోద్.”